వాచీ వెనక మూతలో పల్నాడు

వాచీని బోర్లించి వెనక మూత అంచున పుల్లతో గీకితే నల్లటి జిడ్డు ముద్ద వస్తుంది. చెమట, చర్మం పొట్టు, సబ్బు, దుమ్ము కలిసి గట్టిపడ్డ మురికి అది. నరసరావుపేటలో ఫ్యాను కింద కూర్చుని లెక్కలు రాసుకునే మనిషి వాచీలో పలుచగా, మెత్తగా ఉంటుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర తిరిగే మనిషి వాచీలో తెల్లగా పెచ్చుకడుతుంది. మిరప కల్లంలో రెండు నెలలు గడిపిన వాచీని గీకితే తుమ్ములొస్తాయి.

వాచీతోపాటు డబ్బాలో వచ్చే చిన్న పుస్తకంలో ఈ తేడాలుండవు. వాచీని ఎలా చూసుకోవాలని ఎవరిని అడిగినా ముందు వాచీ రకంతోనే మొదలుపెడతారు: కీ ఇచ్చేదా, సెల్లుతో నడిచేదా, స్మార్ట్ వాచా అని. అదీ తెలియాల్సిందే. కానీ పల్నాడులో అంతకంటే ముందు అడగాల్సింది, ఆ చెయ్యి రోజంతా ఎక్కడ తిరుగుతుందని. ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న రెండు వాచీలు రెండు చేతుల మీద రెండు రకాలుగా పాతబడతాయి. అందుకే ఇక్కడ దుమ్ముతో మొదలుపెట్టి, తర్వాత లోపలి మిషన్ దగ్గరికి వెళ్తాను.

మన దుమ్ముల్లో రెండు జాతులున్నాయి, రెండూ చేసే హాని వేరు. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల చుట్టూ ఉన్నది సున్నపురాయి నేల. రాయి గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలతలో సున్నపురాయిలోని ఖనిజం 3 దగ్గర ఉంటుంది. వాచీ గాజు అద్దం 5కు పైన. అంటే సున్నపురాయి పొడి అద్దాన్ని గీయలేదు. రోడ్డు మీద లేచే ఇసుక రేణువు అలా కాదు, దాని గట్టిదనం 7. మామూలు గాజును గీస్తుంది, స్టీలునూ గీస్తుంది. ఖరీదైన వాచీలకు వాడే సఫైర్ అద్దం 9 కాబట్టి దాని జోలికి పోలేదు. మనలో చాలామంది మోటారు సైకిలు దిగి, దుమ్ము కొట్టుకుపోయిన వాచీని చొక్కా అంచుతోనో తువ్వాలుతోనో గట్టిగా రుద్దుతారు. ఆ క్షణంలో అద్దానికి గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ముందు ఊదాలి, లేదా మెత్తని బ్రష్షుతో దులపాలి, ఆ తర్వాతే తడి గుడ్డ. అద్దం మసకబారిందని వాపోయేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని తమ చేత్తోనే మసకబార్చుకున్నారు.

సున్నం గీయదు కానీ తింటుంది. బట్టీలో కాలిన సున్నం పొడి చెమట తడికి తగిలితే సున్నపునీరు అవుతుంది, అది బలమైన క్షారం. తోలు బెల్టు దానికి పెళుసుబారి చిట్లుతుంది. బెల్టు కింద చర్మం ఎర్రబడి మండుతుంది. స్మార్ట్ వాచీల్లో కొన్నింటి చట్రం అల్యూమినియంతో చేస్తారు. ఆ లోహానికి క్షారం పడదు, పైపూత మీద మచ్చలు పడి క్రమంగా లోపలికి దిగుతాయి. సిమెంటు దుమ్ముదీ ఇదే గుణం. బట్టీలోనో సిమెంటు ఫ్యాక్టరీలోనో పనిచేసే వారికి స్టీలు వాచీ, స్టీలు చైను లేదా ఉతుక్కోవడానికి వీలైన నైలాన్ బెల్టు మేలు. పని దిగగానే పొడి గుడ్డతో తుడిస్తే చాలదు, ఆ సున్నాన్ని నీళ్ళు తగిలించి వదిలించాలి. వాచీ నీళ్ళకు ఆగేది కాకపోతే తడిగుడ్డతో రెండుమూడు సార్లు తుడవాలి. సున్నం మరక పోవాలని నిమ్మకాయో చింతపండో పెట్టి రుద్దడం మన ఇళ్ళలో అలవాటు. ఇత్తడి చెంబుకు అది మంచిదే. వాచీకి మాత్రం వద్దు. చౌక వాచీల చట్రం లోపల మెత్తటి మిశ్రలోహం, పైన పలుచటి పూత. ఆ పులుపు పూత అంచుల్లోంచి లోపలికి పోతుంది.

చెమట సంగతి ఇంకాస్త సూక్ష్మమైనది. పాత హెచ్.ఎం.టి. వాచీలు చాలా వాటికి చట్రం ఇత్తడి, పైన క్రోమియం పూత, వెనక మూత మాత్రం స్టీలు. అందుకే ఏళ్ళ తరబడి పెట్టుకున్న వాచీకి బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర పూత లేచిపోయి పచ్చటి చిలుము కనిపిస్తుంది. స్టీలుకు తుప్పు రాదనుకుంటాం. తెరిచి ఉన్న చోట రాదు. చెమట ఉప్పు ఇరుక్కుపోయి గాలి ఆడని సందులో, ముఖ్యంగా వెనక మూత రబ్బరు ఆనే చోట, స్టీలుకీ సన్నటి గుంటలు పడతాయి. ఆ గుంటల్లోంచి నీరు దిగితే ఎన్ని కొత్త రబ్బర్లు వేసినా ఆగదు. వేసవిలో వారానికి ఒకసారి బెల్టు విప్పి, వెనక మూత చుట్టూ, కొమ్ముల మధ్య మెత్తని పళ్ళ బ్రష్షుతో శుభ్రం చేయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. వాచీ సంరక్షణలో ఇంతకంటే విలువైన అయిదు నిమిషాలు లేవు. స్టీలు చైనును పూర్తిగా విప్పి గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు వేసి, లేదా కుంకుడు రసంలో, పది నిమిషాలు నానబెట్టి బ్రష్షుతో రుద్దితే ముక్కల సందుల్లోంచి ఎంత మురికి వస్తుందో చూసినవాళ్ళు మళ్ళీ ఆ పని మానరు.

మిరప కోతలప్పుడు, కల్లంలో కాయలు తిప్పేటప్పుడు నైలాన్, గుడ్డ బెల్టులు ఘాటు పట్టుకుంటాయి. మిరపలో మంట పుట్టించేది నూనె గుణమున్నది, వట్టి నీళ్ళకు పోదు. సబ్బు పెట్టి ఉతకకపోతే సాయంత్రం ఆ మణికట్టుతో కన్ను నులుముకున్నప్పుడు తెలుస్తుంది. పత్తికీ మిరపకీ మందు కొట్టేటప్పుడు వాచీ తీసి ఇంట్లో పెట్టి వెళ్ళడం వాచీ కోసమే కాదు, మనిషి కోసం. తోలు బెల్టు మందును పీల్చుకుని రోజుల తరబడి చర్మానికి ఆనిస్తుంది. కొన్ని మందుల్లో కలిపే ద్రావకాలకు పాత వాచీల ప్లాస్టిక్ అద్దం తెల్లబారి పగుళ్ళిస్తుంది.

ఇక ఎండ. వేసవిలో ఎండల వార్త రాస్తే రెంటచింతల పేరు లేకుండా ఉండదు. 45 డిగ్రీలు అక్కడ వింత కాదు. ఆ వేడి వాచీని మూడు చోట్ల పట్టుకుంటుంది. నూనె పలుచబడి తన చోటు వదిలి పాకుతుంది. రబ్బరు రింగు గట్టిపడుతుంది. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలో కాలాన్ని కొలిచే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అది 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండేలా తయారవుతుంది. అటు చలికీ ఇటు వేడికీ కూడా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల గదిలో రోజంతా ఉంచితే రోజుకు సెకనుకు పైగా వెనకబడుతుంది, నెలకు అరనిమిషం దాటుతుంది. అదే వాచీ చేతికి ఉంటే ఒంటి వేడి దాన్ని ఒక నిలకడలో ఉంచుతుంది. వేసవిలో రేకుల షెడ్డు గూట్లో పెట్టిన వాచీ వెనకబడిందని సెల్లు మార్పించే వాళ్ళను చూశాను. సెల్లు బాగానే ఉంటుంది, పెట్టిన చోటే బాగాలేదు. బండి ట్యాంకు కవరులో, కారు డాష్‌బోర్డు మీద వాచీని మరిచిపోవడం ఏ రకం వాచీకైనా చెడుపే.

ఇప్పుడు మిషన్ దగ్గరికి వద్దాం. కీ ఇచ్చే వాచీ అనగానే మన జిల్లాలో ఇప్పటికీ హెచ్.ఎం.టి. గుర్తొస్తుంది. 1961లో బెంగుళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వాచీల తయారీకి దిగింది. జనతా, పైలట్, కోహినూర్, సోనా, ఆటోమేటిక్‌లో కాంచన్: పెళ్ళికొడుక్కి సైకిలు, రేడియోతోపాటు వాచీ పెట్టే రోజుల్లో పెట్టినవి ఇవే. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ జపాన్ సీకో సాంకేతికతతో వాచీలు తీసుకొచ్చింది. కొన్ని ఇళ్ళ బీరువాల్లో ఆల్విన్ కూడా ఉంటుంది. టైటాన్ 1984లో పుట్టి క్వార్ట్జ్‌తో బజారును మార్చేసింది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. కొత్త విడిభాగాలు రావడం ఆగిపోయింది కాబట్టి ఉన్న వాచీల మీద ఇప్పుడు చేసే ప్రతి తప్పూ తిరిగి దిద్దుకోలేని తప్పు.

జనతా లోపల బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు 4,32,000. ఏడాదికి 15 కోట్లు దాటుతుంది. ఆ చక్రం ఇరుసు కొన తలవెంట్రుక మందం, అది తిరిగేది కృత్రిమ కెంపు రాయిలో, మధ్యన కంటికి ఆనీ ఆనని ఒక నూనె బొట్టు. డయల్ మీద 17 జ్యువెల్స్ అని రాసేది ఆ రాళ్ళ లెక్కే. నూనె ఎండితే వాచీ వెంటనే ఆగదు. అక్కడే మనం మోసపోతాం. అది నడుస్తూనే ఉంటుంది, దుమ్ము కలిసిన జిగురులో ఇరుసును అరగదీసుకుంటూ. ఆగిన రోజుకు ఇరుసు అరిగిపోయి ఉంటుంది.

ఎన్నేళ్ళకు సర్వీసింగ్ చేయించాలన్నది ఈ రంగంలో తెగని వాదం. పాత మెకానిక్కులు మూడేళ్ళనేవారు. కొన్ని స్విస్ కంపెనీలు కొత్త సింథటిక్ నూనెల ధైర్యంతో పదేళ్ళ దాకా చెబుతున్నాయి. బాగా నడుస్తున్నంత కాలం ముట్టుకోవద్దనే పక్షం ఒకటి ఉంది, దానికీ కారణముంది: చేతకాని సర్వీసింగు అరుగుదల కంటే ఎక్కువ వాచీలను చంపింది. నా మాట ఇది. రోజూ పెట్టుకునే కీ వాచీకి పల్నాటి దుమ్ములో నాలుగైదేళ్ళు గడువు. అంతకు ముందే కీ బిగువుగా తిరగడం, నిండా కీ ఇచ్చినా రాత్రికి ఆగడం, పడుకోబెడితే ఒక సమయం, నిలబెడితే ఇంకో సమయం చూపడం కనిపిస్తే గడువు కోసం ఆగొద్దు. బీరువాలో ఉన్న తాతగారి వాచీని సర్వీసింగ్ చేయించకుండా సంక్రాంతికో పెళ్ళికో కీ ఇచ్చి పెట్టుకోవడం అన్నిటికంటే ప్రమాదం. ఎండిన నూనె మీద ఒక్కరోజు నడకైనా అరుగుదలే.

సర్వీసింగ్ అనే మాట కింద మూడు వేరు పనులు నడుస్తాయి. మొదటిది: మూత తీసి మిషన్ మొత్తాన్ని పెట్రోలులో ముంచి జాడించి, నూనె చుక్క వేసి మూసేయడం. గంటలో అయిపోతుంది, వాచీ చురుగ్గా నడుస్తుంది, ఇచ్చినవాళ్ళు సంతోషిస్తారు. మిషన్ మీద ఉన్న మురికి కరిగి రాళ్ళ రంధ్రాల్లోకి చేరిందని ఏడాది తర్వాత తెలుస్తుంది. రెండోది: ప్రతి మరా ప్రతి చక్రమూ విడదీసి, మెత్తటి పుల్లతో రంధ్రాలు తుడిచి, కడిగి, ఒక్కో చోటుకు తగిన నూనె తగినంతే పెట్టి, మళ్ళీ కూర్చి, కొన్ని రోజులు గమనించి ఇవ్వడం. అసలు సర్వీసింగ్ ఇదే. దీనికి ఒక పూట పని పడుతుంది, ఆ పూట కూలి ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉండాలి. వందకు చెయ్యమని బేరమాడినవాడు మొదటి రకమే పొందుతాడు. మూడోది పాత మిషన్ పీకి కొత్తది పెట్టడం. అది క్వార్ట్జ్‌కు సరి, కీ వాచీకి అన్యాయం.

ఒక చిన్న సంగతి. పళ్ళచక్రాన్ని ఒక్కో పన్నుగా వదిలే చీలిక లివరుకు రెండు రాళ్ళుంటాయి. వాటిని అతికించేది లక్క. పెట్రోలుకు లక్క కరగదు, స్పిరిటుకు కరుగుతుంది. శుభ్రం చేద్దామని ఇంట్లో మూత తెరిచి స్పిరిటు పోసినవాళ్ళు ఆ రాళ్ళను ఊడదీసుకున్నారు. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె వేయడం ఇంకో ఘోరం. ఆ నూనె పాకి వెంట్రుకంత సన్నని స్ప్రింగు చుట్లను ఒకదానికొకటి అంటిస్తుంది. చుట్లు అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేసి వాచీ గంటకు నిమిషాల లెక్కన ముందుకు పరిగెడుతుంది. పెద్ద స్పీకర్ల పక్కనా, అయస్కాంతమున్న ఫోను కవరు దగ్గరా పెట్టినా ఇలాగే పరిగెడుతుంది, కానీ దానికి మందు తేలిక. వాచీని దిక్సూచి దగ్గర ఆనించి ముల్లు ఊగితే అయస్కాంతం పట్టిందని అర్థం. మెకానిక్ దగ్గర ఉన్న చిన్న పరికరంతో నిమిషంలో పోతుంది, విప్పక్కరలేదు.

కీ ఇవ్వడంలో పద్ధతి ఉంది. రోజూ ఒకే వేళకు, చేతి నుంచి తీసి, రెండు వేళ్ళతో ముందుకే తిప్పుతూ, బిగిసిందని తెలిసిన చోట ఆపాలి. చేతికి ఉండగా తిప్పితే కీ కడ్డీ మీద పక్కబరువు పడుతుంది. తేదీ ఉన్న ఆటోమేటిక్ వాచీల్లో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తేదీని వేలితో మార్చొద్దు. లోపల తేదీ చక్రం అప్పటికే పళ్ళు కలిపి ఉంటుంది. పాత హెచ్.ఎం.టి. ప్లాస్టిక్ అద్దం మీద గీతలు పడితే కాస్త తెల్ల టూత్‌పేస్టు మెత్తటి గుడ్డకు రాసి అయిదు నిమిషాలు గుండ్రంగా తిప్పితే పోతాయి. గాజు అద్దం మీద ఈ వైద్యం పనిచేయదు.

చీకట్లో మెరిసే ముళ్ళను మనవాళ్ళు ఇప్పటికీ రేడియం ముళ్ళు అంటారు. ఈనాటి వాచీల్లో మెరిసేది రేడియం కాదు, వెలుతురు తాగి వదిలే నిరపాయమైన పొడి. 1960ల ముందునాటి విదేశీ వాచీ ఇంట్లో ఉంటే అది నిజంగా రేడియమే కావచ్చు. దాని అర్ధాయువు 1600 ఏళ్ళు. మెరుపు ఆరిపోయినా లోపలి కిరణాలు ఆరవు. అలాంటి డయల్‌ను గీకడం, మూత తెరిచి ఊదడం ఇంట్లో చేయకండి.

సెల్లు వాచీ గురించి చెప్పడానికి తక్కువే ఉంది, కానీ ఆ తక్కువలోనే వాచీలు పాడవుతాయి. ఆగిన వాచీలో సెల్లు వదిలేయకూడదు. కారిందంటే రాగి తీగచుట్ట, సర్క్యూట్ రెండూ పోతాయి. కొన్ని వాచీల్లో సెకన్ల ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు గెంతడం మొదలైతే అది సెల్లు అయిపోవస్తోందన్న కబురు. ఎస్.ఆర్. అని మొదలయ్యేది సిల్వర్ ఆక్సైడ్ సెల్లు, 1.55 వోల్టులు చివరిదాకా నిలకడగా ఇస్తుంది. ఎల్.ఆర్. అని ఉన్నది ఆల్కలైన్, చౌక, బలం నెమ్మదిగా తగ్గుతూ పోతుంది, కారే గుణమూ ఎక్కువ. ఒకే కొలతలో రెండూ దొరుకుతాయి కాబట్టి వేస్తున్నది ఏదో చూడండి. సెల్లు మార్చిన ప్రతిసారీ వెనక మూత రబ్బరు రింగు చూపించమని అడగండి. చదునై చతురస్రంగా మారి ఉంటే మార్చమనండి. చాలామంది చాకుతో మూత ఎత్తి, రింగు పక్కకు జరిగి ఉన్నా గట్టిగా నొక్కి మూసేస్తారు. వర్షాకాలంలో అద్దం లోపల ఆవిరి పట్టేది ఆ వాచీలకే.

నీటి విషయంలో డయల్ మీది అంకె మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. 30 మీటర్లు అంటే చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకులకు ఆగుతుందని మాత్రమే. ఈతకు కనీసం 100 మీటర్లు చూసుకోవడం మంచిది, అదీ రబ్బర్లు కొత్తగా ఉన్నప్పుడే. వేడినీళ్ళ స్నానం ఏ వాచీకీ వద్దు. అమరావతి రేవులో కృష్ణలో మునిగేటప్పుడు వాచీని ఒడ్డునున్న వారి చేతికిచ్చి దిగడం ఉత్తమం, 2028 పుష్కరాలకు ఇది గుర్తుంచుకోవచ్చు. నీరు దిగితే బియ్యంలో పెట్టడం మన దగ్గర ఫోన్ల నుంచి వాచీలకు పాకిన అలవాటు. బియ్యం ఆ నీటిని బయటికి లాగలేదు, పైగా దాని పిండి సందుల్లో చేరుతుంది. కీని బయటికి లాగి అదే రోజు మెకానిక్ దగ్గర మూత తెరిపించాలి. కీ వాచీలో స్టీలు భాగాలకు రెండు రోజుల్లో తుప్పు మొదలవుతుంది.

స్మార్ట్ వాచీలు ఇప్పుడు గురజాల కాలేజీ పిల్లల చేతుల్లోనూ కనిపిస్తున్నాయి. వీటిలో నూనె లేదు, కెంపు లేదు, సర్వీసింగ్ లేదు. చాలావాటిని జిగురుతో మూసేస్తారు, తెరవడమంటేనే నీటి రక్షణ పోవడం. కాబట్టి సంరక్షణంతా బయటే. వెనక ఉన్న చార్జింగ్ పిన్నులు చెమట తడితో ఉండగానే చార్జరుకు తగిలిస్తే పిన్నులు పచ్చబడి తినేసుకుపోతాయి, అందుకే ముందు తుడిచి ఆరనివ్వాలి. గుండె కొట్టుకోవడం లెక్కించే పచ్చ లైటు మీద జిడ్డు పేరుకుంటే అంకెలు తప్పుతాయి. బ్యాటరీని 45 డిగ్రీల వేడిలో చార్జ్ చేయకూడదు. వేసవి మధ్యాహ్నం కాక రాత్రి, ఫ్యాను కింద చేయండి. సబ్బు నీళ్ళు దీనికి మంచివి కావు, సబ్బు నీటిని మరింత సన్న సందుల్లోకి దూరేలా చేస్తుంది. సిలికాన్ బెల్టును మాత్రం విప్పి సబ్బుతో కడగొచ్చు, కడగాలి కూడా. రాత్రీ పగలూ విప్పకపోవడం వల్ల మణికట్టుకు వచ్చే దురద చాలావరకు ఆ తడి వల్లే.

మెకానిక్‌ను ఎంచుకోవడం గురించి ఒక మాట. కంటికి భూతద్దం తగిలించుకుని చిన్న గాజు పెట్టె వెనక కూర్చునే మనుషులు ప్రతి బస్టాండు దారిలోనూ ఉండేవారు. ఆ బల్లల్లో చాలావాటి మీద ఇప్పుడు ఫోను కవర్లు వేలాడుతున్నాయి. మిగిలినవారిలో మంచివారిని గుర్తుపట్టడం కష్టం కాదు. విప్పిన భాగాల మీద గాజు మూత బోర్లించి పెడతారు. మిషన్‌ను వేళ్ళతో పట్టుకోరు. సాయంత్రానికి ఇస్తానని కాక వారం తర్వాత రమ్మంటారు. డయల్ జోలికి వెళ్ళమంటే వద్దంటారు.

ఆ చివరిదాన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. బడిపంతులుగా ఉన్నంతకాలం మా నాన్న పెట్టుకున్న జనతాను ఒక పట్టణంలో సర్వీసింగ్‌కు ఇస్తే, అడగకుండానే డయల్‌కు కొత్త రంగు వేసి ఇచ్చారు. అక్షరాలు కాస్త లావు, కాస్త వంకర. మూడు దగ్గర ఆయన వాచీకి ఉన్న పసుపు మరక పోయింది. డయల్ పాతబడటం జబ్బు కాదని, దానికి వైద్యం అక్కర్లేదని అప్పుడు చెప్పగలిగి ఉంటే బాగుండేది.

వెనక మూత మాత్రం అలాగే ఉంది. మెకానిక్కులు సర్వీసింగ్ చేసినప్పుడల్లా మూత లోపలివైపు సూదిమొనతో తేదీ, తమ గుర్తు గీసి పెడతారు. నాన్న వాచీలో అలాంటివి నాలుగున్నాయి, మొదటిది 1979, చివరిది మూడేళ్ళ కిందటిది. రెండు గీతల మధ్య ఇంకా చోటుంది. వచ్చే ఏడాది మిరప కోతలు అయిపోయాక తీసుకెళ్ళాలి.